పెళ్ళయితే రాజీనామా!

రాయబారం అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది శ్రీకృష్ణుడే. హార్మోనియం, పెద్ద రాగం, వెనకబెంచీల్లోంచి "వన్స్‌మోర్!" ఆయన వెళ్ళాడు, సంధి కుదరలేదు, తిరిగొచ్చేశాడు. అదే ఉద్యోగంగా ముప్ఫై ఏళ్ళు చేసేవాళ్ళ సంగతి మన నాటకాల్లో ఎక్కడా లేదు.

మా హాస్టల్లో సివిల్స్‌కి చదివే ఆడపిల్లలం నలుగురం ఉన్నాం. నా మొదటి ఆప్షన్ ఫారిన్ సర్వీసు అని చెబితే మా పెద్దమ్మ అడిగింది ఒక్కటే: "మరి మీ ఆయన ఎక్కడుంటాడే?" ఇంకా లేని ఆయన గురించి అంత బెంగ! నవ్వుకున్నాను గానీ, లైబ్రరీలో కూర్చుని చదివాక తెలిసింది. ఒకప్పుడు ఈ ప్రశ్న సాక్షాత్తూ భారత ప్రభుత్వానిదే.

సి.బి. ముత్తమ్మగారు 1924లో కొడగులోని విరాజపేటలో పుట్టారు. తొమ్మిదో ఏట తండ్రి పోతే తల్లే చదివించింది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంగ్లీషు ఎం.ఏ. చేసి, పరీక్ష నెగ్గి, 1949లో ఫారిన్ సర్వీసులో చేరిన మొదటి మహిళ అయ్యారు. ఇది ఆడవాళ్ళకి తగిన పని కాదమ్మా అని ఇంటర్వ్యూ బోర్డు వారు చెప్పి చూశారు. వినలేదు. పెళ్ళి చేసుకుంటే రాజీనామా ఇస్తానని కాగితం రాయించుకుని చేర్చుకున్నారు. మగవాళ్ళకి ఆ షరతు లేదు లెండి.

1961 నిబంధనల్లో ఇది మరీ స్పష్టంగా ఉంది. ఈ సర్వీసులోని స్త్రీ పెళ్ళికి ముందు లిఖితపూర్వకంగా ప్రభుత్వ అనుమతి పొందాలి. పెళ్ళయ్యాక సంసారం పనికి అడ్డమని ప్రభుత్వానికి తోస్తే రాజీనామా అడగొచ్చు.

1970లో ఆవిడ హంగరీకి రాయబారిగా వెళ్ళారు. సర్వీసులోంచి పైకొచ్చి ఆ హోదా అందుకున్న మొదటి భారతీయ మహిళ. (విజయలక్ష్మీ పండిట్‌గారు ముందే చేశారుగా అనకండి, ఆవిడ రాజకీయాల్లోంచి వెళ్ళారు.) రాయబారిని పంపాలంటే ముందు అవతలి దేశం ఒప్పుకోవాలి. తరవాత మన రాష్ట్రపతి ఇచ్చిన అధికారపత్రాన్ని అక్కడి దేశాధినేత చేతికి స్వయంగా అందించాలి. అంతటి పత్రం పట్టుకెళ్ళే మనిషి, పెళ్ళికి మాత్రం ఢిల్లీకి అర్జీ పెట్టుకోవాలన్నమాట! హంగరీ తరవాత ఘనా. కామన్వెల్తు దేశం కనక అక్కడ పేరు హైకమిషనరు. పని అదే.

పై గ్రేడు ప్రమోషన్‌లో తనని పక్కన పెట్టినప్పుడు, ఉద్యోగంలో ఉంటూనే ప్రభుత్వం మీద సుప్రీంకోర్టుకెక్కారు. ఆ తెగువ నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. కేసు నడుస్తుండగానే ప్రమోషన్ వచ్చింది, హేగ్‌కి పోస్టింగూ వచ్చింది! 1979 సెప్టెంబరులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్‌గారు తీర్పు చెప్పారు. చిన్న తీర్పే, లా విద్యార్థులు కానివాళ్ళూ చదవొచ్చు. ప్రమోషన్ వచ్చేసింది కనక పిటిషన్ కొట్టేశారు. కానీ సంసారం ఆడవాళ్ళ పనికి అడ్డమైతే మగవాళ్ళ పనికి మాత్రం కాదా అని నిలదీశారు, నిబంధనలన్నీ తిరగేసి వివక్ష లేకుండా చేయమన్నారు. పెళ్ళయిన స్త్రీకి ఈ సర్వీసులో నియామకం హక్కు కాదన్న నిబంధన 1973లోనే తీసేశామనీ, పెళ్ళి అనుమతి నిబంధన కూడా పోబోతోందనీ ప్రభుత్వం కోర్టుకి చెప్పుకుంది.

ముత్తమ్మగారు పెళ్ళి చేసుకోలేదు. 1982లో రిటైరయ్యారు. తరవాత ఇంకొకరితో కలిసి కొడవ వంటల మీద ఓ పుస్తకం కూడా రాశారు. 2001లో చొకిలా అయ్యర్‌గారు విదేశాంగ కార్యదర్శి అయ్యారు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ. అది చూశాకే, 2009లో, ముత్తమ్మగారు వెళ్ళిపోయారు.