మీటరు చెప్పని వయసు

మా కొండ ఊళ్లకూ భావనపాడుకూ ఉన్న బంధం చేపలది. ఆ ఒడ్డున ఎండిన చేపలు మెళియాపుట్టి, సీతంపేట సంతలకు ఎక్కుతాయి. మా చింతపండు, కొండ చీపుర్లు, అనాస పళ్లు కిందికి దిగుతాయి. మా తాతలు కావడి వేసుకుని నడిచిన దారుల్లో మా తరం వంద సిసి బండ్ల మీద తిరుగుతోంది. సవర ఊరైనా, జాతాపు ఊరైనా ఇదే కథ. బండి ఆగితే సంత పోతుంది. పురిటి నొప్పుల మనిషిని 108 వచ్చే రోడ్డు దాకా మళ్లీ డోలీ మీద మోయాలి. అందుకే ఇంజన్ ఎన్నాళ్లు మన్నుతుందన్నది మాకు షోకు విషయం కాదు, బతుకు విషయం.

ఈ మధ్య మేము ఒకే రకం బండ్లు రెండింటిని పక్కపక్కన పెట్టి చూశాం. ఒకటి భావనపాడులో చేపల పెట్టె కట్టుకుని తిరిగేది. రెండోది మా ఊరిది. రెండింటి మీటరూ అరవై వేలకు దగ్గరలోనే ఉంది. చేపల బండికి చువ్వలు, చైను, సైలెన్సరు ఉప్పు గాలికి తినేసి ఉన్నాయి. చూస్తే తుక్కు అనిపిస్తుంది. కానీ ఒక్క కిక్కుకు స్టార్టయింది, పొగ లేదు. మా బండి ట్యాంకు మెరుస్తోంది, వెనక నీలం పొగ కొడుతోంది. సముద్రం బండిని బయటినుంచి తింటుంది, కొండ లోపలినుంచి తింటుంది.

ఎందుకలా? లెక్క చూద్దాం. ఇలాంటి బండి టాప్ గేరులో కిలోమీటరు నడిస్తే ఇంజన్ సుమారు ఆరు వేల చుట్లు తిరుగుతుంది. రెండో గేరులో అదే కిలోమీటరుకు దాదాపు రెట్టింపు తిరుగుతుంది. మొదటి గేరులో ఇంకా ఎక్కువ. మీటరు లెక్కపెట్టేది చక్రాన్ని, పిస్టన్‌ను కాదు. మూడు బస్తాలతో ఎత్తు ఎక్కిన కిలోమీటరూ, నౌపడ ఉప్పు మళ్ల పక్కన చదును రోడ్డు మీద నడిచిన కిలోమీటరూ దానికి ఒకటే. పైగా మన బండి ఇంజన్‌ను చల్లబరిచేది ఎదురుగాలే. ఎత్తులో బరువుతో మెల్లగా ఎక్కేటప్పుడు వేడి ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టరు చూసుకోకపోతే ఎర్రమట్టి దుమ్ము లోపలికి పోయి సిలిండరును గరుకు కాగితంలా గీస్తుంది. అందుకే లక్ష దాటినా గట్టిగా ఉన్న వంద సిసి బండ్లూ ఉన్నాయి, యాభై వేలకే బోరుకొచ్చినవీ ఉన్నాయి.

పొగ కనబడగానే ఇంజన్ దించేయమనే వాళ్లుంటారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు ఆ పొగను చదవండి. చలి పొద్దున కాసేపు తెల్లగా వచ్చి పోతే అది నీటి ఆవిరి. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ కాలుతోంది, కార్బురేటరో ఎయిర్ ఫిల్టరో చూడాలి. రాత్రంతా నిలిపిన బండి స్టార్ట్ చేయగానే నీలంగా కొట్టి ఆగిపోతే వాల్వు సీళ్లు అయి ఉండొచ్చు, అది చిన్న పని. ఎక్సలేటరు ఇచ్చినప్పుడల్లా నీలంగా కొడుతూ ఆయిల్ తగ్గిపోతుంటే రింగులూ బోరూ అరిగాయని అనుమానించాలి. ఇంకో పరీక్ష కూడా ఉంది. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి, ప్లగ్గు బిగించి కిక్కు కొట్టి చూడాలి. ముందుకన్నా కిక్కు గట్టిగా తగిలితే లోపం రింగుల దగ్గర. తేడా లేకపోతే వాల్వుల దగ్గర వెతకాలి.

బోరు చేయించాల్సి వచ్చినా భయపడక్కర్లేదు. లేత్ షాపులో సిలిండరును కాస్త పెద్దది చేసి, దానికి సరిపోయే పిస్టన్, రింగులు వేస్తారు. పెద్ద సైజు పిస్టన్లు మామూలుగా 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల లెక్కన వస్తాయి. అంటే ఒక బ్లాకుకు ఇంకా కొన్ని జన్మలుంటాయి. కానీ ఇంజన్ విప్పినప్పుడు కనెక్టింగ్ రాడ్డును పైకీ కిందికీ లాగి చూడమని మేస్త్రీని అడగండి. అక్కడ ఆట ఉంటే క్రాంకు పని కూడా చేయించాలి. లేకపోతే బోరుకు పెట్టిన డబ్బు దండగ. పని అయ్యాక మొదటి ఐదు వందల కిలోమీటర్లు బరువు లేకుండా, ఇంజన్‌ను అరిపించకుండా నడిపి, ఆయిల్ మార్చాలి.

బోరు ఖర్చుకు భయపడి పాత ఇంజన్ కొని బిగించుకునే వాళ్లూ ఉన్నారు. మా ఊరి కుర్రాడు ఒకడు కిందికి దిగి, ఒక పాత సామాన్ల కొట్లో చవకగా వస్తోందని అలాగే కొన్నాడు. కాగితం అడిగితే తర్వాత ఇస్తామన్నారు. దారి తనిఖీలో ఇంజన్ నంబరుకూ ఆర్‌సీలోని నంబరుకూ పొంతన కుదరలేదు. బండి అక్కడే ఉండిపోయింది. అది దొంగది కాదని చెప్పుకోవడానికి వాడి దగ్గర మాట తప్ప ఏమీ లేదు. కొండ కుర్రాడి మాటకు కింద ఎంత విలువుందో మనకు తెలుసు. ఇంజన్ మారిస్తే రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో చేసే మార్పుల గురించే. అమ్మినవాడి రసీదు, పాత ఆర్‌సీ నకలు లేని ఇంజన్ ఎంత చవకైనా ముట్టుకోవద్దు.

అసలు ఆ దాకా రానివ్వకుండా చూడటం మన చేతిలోనే ఉంది. మన బండికి ఒకసారి పోసే ఆయిల్ లీటరుకు మించదు. గేర్లకూ క్లచ్చుకూ అదే ఆయిల్ కాబట్టి కారు ఆయిల్ పోయకూడదు. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉండాలి. బరువుతో ఎత్తు ఎక్కే బండికి పుస్తకంలో రాసిన గడువుకన్నా ముందే ఆయిల్ మార్చాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పటిలా బండి నీట మునిగితే, కిక్కు కొట్టకముందే పాత ఆయిల్ దించి చూడాలి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిసినట్టే. పడవ ఇంజన్‌కు సముద్రం నుంచి వచ్చాక మంచినీళ్ల కడుగుడు ఎలాంటిదో, మన బండికి సంత నుంచి వచ్చాక ఎయిర్ ఫిల్టరు దులపడం అలాంటిది.

మాస్టార్లకు ఒక మాట. ఆశ్రమ పాఠశాలలో స్తూపం ఘనపరిమాణం చెప్పే రోజున ఒక తుక్కు ఇంజన్ తెప్పించి బల్ల మీద పెట్టండి. బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 49.5 మిల్లీమీటర్లు ఇచ్చి లెక్క కట్టమనండి. 97.2 సిసి వస్తుంది. వాళ్ల నాన్న బండి కాగితం మీదున్న అంకె అదే అయితే ఆ సూత్రాన్ని పిల్లలు ఇక మరిచిపోరు. వాళ్లలో ఒకరిద్దరు ఐటిఐకి వెళ్లి, తిరిగొచ్చి సంత దగ్గర షెడ్డు వేస్తే, పొగ కొట్టే బండిని తోసుకుంటూ మనం కిందికి దిగాల్సిన పని తప్పుతుంది.