లక్నవరం చెట్ల కింద, నానమ్మతో

రెండో శనివారం దగ్గరపడితే మీ ఇంట్లో కూడా ఇదే ప్రశ్న వస్తుందనుకుంటాను: "డాడీ, ఈసారి ఎక్కడికి?" మా ఇంట్లో చాలాకాలం ఒకటే జవాబు, ట్యాంక్‌బండ్. మేముండేది సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో. ఆటో ఎక్కితే కాసేపట్లో నీళ్లు కనిపిస్తాయి. బోటెక్కి బుద్ధుడి దగ్గరికి వెళ్లొస్తే పిల్లల సరదా తీరుతుంది. చెరువు మధ్య దీవి అంటే మావాడికి తెలిసింది ఆ బుద్ధుడు నిలబడ్డ రాతిగుట్ట ఒక్కటే.

మావాడు ఏడో తరగతి. డిసెంబరులో కాకతీయుల పాఠం చదువుతూ "లక్నవరం మనకు దూరమా?" అని అడిగాడు. దూరమే, రెండు వందల కిలోమీటర్ల పైమాటే. కానీ మాకు స్టేషన్ నడిచి వెళ్లేంత దగ్గర. శుక్రవారం సాయంత్రం రైలెక్కి కాజీపేటలో దిగి, హనుమకొండలో చుట్టాలింట్లో పడుకున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. "నేనెందుకురా, మీకు అడ్డం" అంటూనే అందరికంటే ముందు సంచి సర్దుకుంది.

శనివారం పొద్దున్నే కారు మాట్లాడుకుని బయల్దేరాం. ములుగు దాటి గోవిందరావుపేట మండలంలోకి వచ్చాక, బుస్సాపూర్ దగ్గర మెయిన్ రోడ్డు వదిలితే అడవి మొదలవుతుంది. టేకు చెట్లు, మధ్య మధ్య ఇప్ప, తునికి, మద్ది, వెదురు పొదలు. చలికాలం పొద్దున ఆ రోడ్డు మీద కారు అద్దాలు దించి వెళ్లండి. పిల్లలకు ఏ పాటా పెట్టక్కర్లేదు.

చెరువు దగ్గరికి చేరాక అందరూ ముందు చూసేది వేలాడే వంతెనే. ఇనుప తీగల మీద వేలాడుతూ ఒడ్డు నుంచి దీవిలోకి వెళ్తుంది. నలుగురు నడిస్తే ఊగుతుంది. మా చిన్నది రెండో తరగతి, పరుగున ఎక్కేసింది. మావాడు నాలుగడుగులు వేసి, రెండు చేతులతో తీగ పట్టుకుని ఆగిపోయాడు.

ఇక్కడ నేను చేసిన పని మీకు చెప్పాలి. "నీ చెల్లెలే పోతోంది, నీకేమైందిరా? అందరూ చూస్తున్నారు" అన్నాను. గట్టిగానే అన్నాను. వెనక వస్తున్నవాళ్లు నవ్వారు. నేనూ వాళ్లతో పాటు నవ్వాను. వాడు వెనక్కి తిరిగి, ఎవరి మొహమూ చూడకుండా ఒడ్డుకు వెళ్లిపోయాడు.

మా అమ్మ ఒక్క మాటే అంది. "నువ్వు పో బిడ్డా. గది ఊగుతది, నాకూ భయమే. నేనూ వాడూ చెట్ల కింద తిరుగుతం."

మేం ముగ్గురం దీవిలోకి వెళ్లాం. బాగుంది. మూడు దిక్కులా నీళ్లు, నీళ్ల చుట్టూ పచ్చని గుట్టలు, చెరువు నిండా ఇంకా చిన్నచిన్న దీవులు. ఫొటోలు దిగాం, టీ తాగాం. చిన్నది బోటెక్కుతానంటే లైఫ్ జాకెట్ వేయించి ఎక్కించాం. (జాకెట్ వదులుగా ఉంటే ఇంకోటి అడగండి, మొహమాటపడకండి.) అయినా నా కళ్లు ఒడ్డు వైపే వెతుకుతున్నాయి. గంటన్నర తర్వాత వెనక్కి వచ్చేసరికి వాళ్లిద్దరూ కనిపించలేదు. అక్కడ ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. ఆ పది నిమిషాలు నాకు చాలా పొడుగనిపించాయి. చివరికి కట్ట మీద కనిపించారు, నింపాదిగా నడిచి వస్తున్నారు. వాడి రెండు అరచేతులూ ఎర్రగా ఉన్నాయి.

దెబ్బ తగిలిందనుకుని పరుగెత్తాను. టేకు లేతాకు నలిపితే అలా ఎర్రగా అంటుతుందట. నానమ్మ నేర్పింది. అంతేకాదు. బీడీలు చుట్టే తునికాకు ఏదో, విస్తరి కుట్టే మోదుగాకు ఏదో, ఎండాకాలం మొదట్లో పూలు రాలే ఇప్పచెట్టు ఏదో వాడికిప్పుడు తెలుసు. సోషల్ నోట్సు వెనక పేజీలో మూడు ఆకులు దాచుకున్నాడు. నాకు వాటిలో ఒక్కటే తెలుసు.

మా అమ్మ పుట్టింది పల్లెటూళ్లో, చెరువు కింద పొలమున్న ఇంట్లో. "ముందు కట్ట చూడాలె బిడ్డా, నీళ్లు తర్వాత" అని వాణ్ణి అక్కడికి తీసుకెళ్లిందట. నీళ్లు పొలాలకు వదిలే తూము అంటే ఏమిటి, చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లిపోయే మత్తడి ఏమిటి, తన చిన్నప్పుడు ఊళ్లో తూము తెరిచి ఎవరి మడికి ఎంత అని నీళ్లు పంచే నీరటి ఎవరు, ఇవన్నీ చెప్పింది. ఇవి నాకు చెప్పిన గుర్తు లేదు. బహుశా నేను అడిగి ఉండను.

తర్వాత ఆ కట్ట మీద వాడే మాకు చెప్పాడు. లక్నవరం దానంతటదే ఏర్పడిన సరస్సు కాదు. గుట్టల మధ్య మూడు ఇరుకైన లోయలున్నాయి. కాకతీయుల కాలంలో ఆ మూడు చోట్లా చిన్న చిన్న కట్టలు వేశారు. మిగతా గోడ పని గుట్టలే చేశాయి. తక్కువ మట్టితో అంత నీరు ఆగింది, ఇవాళ్టికీ కింద పొలాలు పారుతున్నాయి. చెప్పి, ఒక్క క్షణం ఆగి అడిగాడు: "డాడీ, మరి హుస్సేన్ సాగర్ కూడా కట్టిందేనా? ట్యాంక్‌బండ్ అంటే... చెరువు కట్టా?"

నేను పుట్టినప్పటి నుంచి ఆ మాట అంటున్నాను. బస్సు కండక్టర్‌కి చెప్పాను, ఆటోవాళ్లకు చెప్పాను. అది కట్ట అని ఒక్కసారీ అనిపించలేదు. అవును, కట్టే. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో వేసింది. సికింద్రాబాద్ పుట్టింది 1806లో, అంటే ఊరి కంటే ఆ చెరువే పెద్దది. వాడికి ఇంత చెప్పగలిగాను. చెప్పాక, పొద్దున వంతెన దగ్గర నేనన్న మాట తప్పని కూడా చెప్పాను. వాడు "సరేలే" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

మధ్యాహ్నం పాలంపేట వెళ్లాం, రామప్ప గుడికి. దారి గంట లోపే. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, తెలంగాణలో ఆ గుర్తింపు దక్కిన మొదటి కట్టడం. పునాది గోతిలో ఇసుక నింపి దానిమీద ఇంత రాతి బరువు ఎలా నిలబెట్టారు, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు ఎందుకు వాడారు అని మావాడు గైడ్‌ను వదల్లేదు. చిన్నది మాత్రం స్తంభాల పైన నల్లరాతి మదనికల కిందే నిలబడిపోయింది. దానికి డాన్సు క్లాసులున్నాయి. నటరాజ రామకృష్ణ గారు మరుగునపడ్డ పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టడానికి ఈ గుడి శిల్పాలనే చూశారని చెప్తే, అది ఒక్కో భంగిమా పెట్టి చూసుకుంది. గుడి పక్కనే రామప్ప చెరువు, అదీ ఆ కాలందే. గుడి చూసి కారెక్కకుండా ఆ కట్ట మీద కూడా కాసేపు నడవండి.

మీరు వెళ్లాలనుకుంటే నాలుగు మాటలు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు బాగుంటుంది. ఎండాకాలంలో రామప్ప రాతి నేల మీద వట్టికాళ్లతో నిలబడలేరు. మేడారం జాతర రోజుల్లో ఆ రోడ్డంతా జనసముద్రం, సమ్మక్క-సారలమ్మ దర్శనానికైతే సరే, నిదానంగా నడవాలనుకుంటే మరో నెల చూసుకోండి. చెరువులో దిగనివ్వకండి, ఒడ్డు ఎక్కడ లోతవుతుందో కంటికి తెలియదు. చిప్స్ ప్యాకెట్లు సంచిలోనే ఉంచండి, కోతులున్నాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే తప్పకుండా తీసుకెళ్లండి. కట్ట మీద దారి చదునుగానే ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ రెండుసార్లు కూర్చుని మొత్తం నడిచింది. అడవిలో మాత్రం కనిపించే బాట దాటొద్దు.

సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వెళ్లాం. మావాడు ఈసారి వంతెన ఎక్కాడా అని మీరు అడుగుతారేమో. ఎక్కలేదు. నేనూ అడగలేదు. మా ఆవిడా చిన్నదీ దీవిలోకి వెళ్లారు, నేను నానమ్మా మనవళ్లతో కట్ట వైపు నడిచాను. వాడు ముందు నడుస్తూ ఒక చెట్టు దగ్గర ఆగి, "ఇదేంటో చెప్పు డాడీ" అన్నాడు. నేను మద్ది అన్నాను. కాదట. మా అమ్మ నవ్వింది, వాడూ నవ్వాడు.