మూడో గేరు ఎందుకు జారింది?

ఆ బండి దగ్గరికి ఎప్పుడు వెళ్లినా మసాలా వాసన వచ్చేది. ఆ శనివారం మాత్రం మాడు వాసన వచ్చింది.

బండి మా ఇర్వింగ్‌లోనే ఉండే తెనాలి కుర్రాడిది. క్యాటరింగ్ వ్యాపారం. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల గృహప్రవేశాలకీ ఓణీల ఫంక్షన్లకీ బిర్యానీ గిన్నెలు, స్టవ్‌లు, కుర్చీలు అన్నీ అతని 2006 మోడల్ పికప్ వెనక ట్రైలర్‌లో వెళ్లాల్సిందే. కొన్నాళ్లుగా దానికో జబ్బు పట్టుకుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ గయ్యిమని అరుస్తుంది, బండి మాత్రం ముందుకు సాగదు. చైను ఊడిన సైకిల్ తొక్కినట్టే.

నెల కింద ఒక షాపులో చూపించాడు. ఆయిల్, ఫిల్టర్ మార్చి పంపించారు. బిల్లులో రెండే లైన్లు. నాలుగు రోజులు బాగున్నట్టు అనిపించి మళ్లీ మొదలైంది. ఇంకో షాపువాళ్లు బండి చూడకుండానే ఫోన్లో “గేర్‌బాక్స్ మార్చేయాలి” అన్నారు. చివరికి ఎవరో గార్లండ్‌లో ఒక పెద్దాయన ఉన్నాడని, ట్రాన్స్‌మిషన్లు తప్ప ఇంకేమీ ముట్టుకోడని చెప్పారు. “నేనూ వస్తా పద” అన్నాను. ఇరవై ఏళ్లుగా ఆటోమేటిక్ కారే నడుపుతున్నా, దాని కడుపులో ఏముందో ఏనాడూ చూడలేదు.

రేకుల షెడ్డు, రెండు లిఫ్టులు, గోడ పొడవునా విప్పేసిన గేర్‌బాక్సులు. యజమాని అరవై దాటినవాడు, మెక్సికోలోని మాంటెరే నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. ఆయన్ను చూడగానే నాకు విజయవాడ ఆటోనగర్ గుర్తొచ్చింది. మాలో మేం ఆయన్ని మేస్త్రీ అనే పిలుచుకున్నాం.

మేస్త్రీ బానెట్ ఎత్తలేదు. ముందు ప్రశ్నలు అడిగాడు. పొద్దున్నే జారుతుందా, వేడెక్కాకా? రివర్స్ బాగా పడుతుందా? ఏ గేరులో?

“వేడెక్కాకే. రివర్స్ బానే ఉంది. మూడులోకి, నాలుగులోకి వెళ్లినప్పుడే అరుస్తుంది” అన్నాడు మావాడు.

మేస్త్రీ మమ్మల్ని గోడకున్న ఒక చార్టు దగ్గరికి తీసుకెళ్లాడు. అడ్డ వరసల్లో గేర్లు, నిలువు వరసల్లో క్లచ్‌లు. ఏ గేరుకి ఏ క్లచ్ పట్టుకోవాలో అక్కడ చుక్క. ఒకటి, రెండు, రివర్స్ మీద వేలు జరుపుతూ “ఇవి బాగున్నాయి కాబట్టి ఈ చుక్కలన్నీ బాగున్నట్టే” అన్నాడు. మూడులోనూ నాలుగులోనూ ఉండి, తక్కిన గేర్లలో లేని చుక్క ఒక్కటే మిగిలింది. బండిని ముట్టుకోకుండానే అనుమానం ఒక్క క్లచ్ దగ్గరికి వచ్చి ఆగింది.

మనకు తెలిసిన మాన్యువల్ గేర్‌బాక్స్‌కి ఒకటే క్లచ్. ఆటోమేటిక్‌లో అరడజను దాకా ఉంటాయి. మధ్యలో సూర్యుడి చక్రం, చుట్టూ గ్రహాల చక్రాలు, వాటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్లున్న రింగు. ఇవి ఎప్పుడూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. వాటిలో ఏది తిరగాలి, ఏది ఆగాలి అన్నది మారితే గేరు మారుతుంది. ఆ పని క్లచ్‌లది. క్లచ్‌ని నొక్కే చెయ్యి ఆయిల్ ఒత్తిడి. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ పేరుతో వచ్చి, రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ ట్యాంకుల్లోకీ ఎక్కిన సూత్రం ఇదే. ఇప్పటి పికప్‌లలో పది గేర్ల పెట్టెలొచ్చినా మూలం మారలేదు.

తర్వాత ముగ్గురం బండెక్కాం. మేస్త్రీ స్టీరింగ్ పట్టుకుని, స్కానర్ నా చేతికిచ్చాడు. చూడాల్సినవి రెండంకెలు: గేర్‌బాక్స్‌లోకి వచ్చే వేగం, బయటికి వెళ్లే వేగం. ఈ పెట్టెలో మూడో గేరంటే ఒకటికి ఒకటి, కాబట్టి రెండంకెలూ సమానంగా ఉండాలి. చదును రోడ్డు మీద 2,050, 2,050. ఫ్లైఓవర్ మొదలైంది, ఇంజిన్ గొంతు పెంచింది. తెర మీద ఒకటి 2,640, రెండోది 2,100. నిమిషానికి 540 చుట్లు ఏమైపోతున్నాయి?

“పోవడం లేదు. క్లచ్ ప్లేట్ల మధ్య రాపిడై వేడిగా మారుతున్నాయి” అన్నాడు మేస్త్రీ. ఆయిల్ వేడి 226 డిగ్రీల ఫారన్‌హీట్ చూపిస్తోంది. 200 లోపు ఉంటే ఆయనకు ఇష్టం. స్కానర్‌లో పి0730 అనే కోడ్ కూడా వచ్చింది. గేర్ నిష్పత్తి తప్పిందని దానర్థం. నేను సంబరపడబోతే ఆయన తల అడ్డంగా ఊపాడు. జ్వరం ఉందని థర్మామీటర్ చెబుతుంది కానీ ఎందుకొచ్చిందో చెప్పదు కదా.

షెడ్డుకొచ్చాక ఇంజిన్ ఆపకుండానే, ఆయిల్ వేడిగా ఉండగానే డిప్‌స్టిక్ లాగి చూశాడు. మట్టం సరిగ్గానే ఉంది. ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి వాసన చూడమన్నాడు. లీకైతే ఇంజిన్ ఆయిల్‌తో పొరబడకుండా దీనికి ఎర్రరంగు కలుపుతారు. మా చుక్క మాత్రం డికాషన్ రంగులో ఉంది, అడుగంటిన పప్పు వాసన వేస్తోంది.

“ఆయిల్ మార్చి నెలే అయిందన్నా” అని మావాడు నావైపు చూశాడు. అడుగు ట్రే విప్పి వంపితే పాత ఆయిల్‌లో సగం కూడా బయటికి రాదట. మిగతాదాంట్లో చాలా భాగం ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యనుండే టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. “పాత బండికి ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ పోతుందంటారు, నిజమేనా?” అని అడిగాను. ఆయన నవ్వాడు. “అప్పటికే పోయినదానికి ఆయిల్ మార్చి, ఆయిల్ మీదకి తోస్తారు.”

ఈ ఆయిల్ పని కూడా చిత్రమైనదే. పళ్ల చక్రాల దగ్గర జారనివ్వాలి, ప్లేట్ల దగ్గర పట్టనివ్వాలి. ఆ సమతూకం కోసం ఒకప్పుడు ఇందులో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో అమెరికా దాన్ని నిషేధించడంతో వేరే రసాయనాలు వెతుక్కున్నారు. అందుకే కంపెనీ చెప్పిన రకమే పోయాలని, ఎర్రగా ఉన్నవన్నీ ఒకటి కావని మేస్త్రీ గట్టిగా చెప్పాడు.

ఆ తర్వాత ప్రెషర్ గేజ్ బిగించాడు. ఒకటి, రెండు, రివర్స్‌లో ముల్లు నిలకడగా ఉంది, అంటే పంపు బాగానే ఉంది. మూడు పడగానే ముల్లు కొద్దిగా దిగింది. నాకైతే కనపడేది కాదు, ఆయన వేలు పెట్టి చూపించాడు.

అడుగు ట్రే విప్పితే లోపలి అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద ఉంది. అది ఏ బండిలోనైనా ఉండే అరుగుదలేనట. మెరిసే ఇనుప ముక్కలుంటే భయపడాలి, అవి లేవు. ట్రే అడుగున మాత్రం కాటుకలాంటి నల్లపొడి పేరుకుంది. ప్లేట్ల పూత అది. క్లచ్‌లకి ఆయిల్ పంచే వాల్వ్ బాడీ దింపి, కంప్రెసర్ గాలి గొట్టాన్ని ఒక్కో రంధ్రానికి ఆనించాడు. మొదటి క్లచ్ దగ్గర ‘టక్’ మంది, పిస్టన్ వచ్చి ప్లేట్లను నొక్కిన చప్పుడు. ఇంకో క్లచ్, మళ్లీ ‘టక్’. మూడో గేరు రంధ్రం దగ్గర ‘స్‌స్‌స్’ అంటూ గాలి పోయింది తప్ప టక్ లేదు.

“ఇప్పుడు విప్పుదాం” అన్నాడు. పొద్దున్నుంచి ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు.

గురువారం మళ్లీ వెళ్లాం. గేర్‌బాక్స్ బల్ల మీద ముక్కలై ఉంది. ప్లేట్లు ఒకటి విడిచి ఒకటి: ఒకటి నున్నటి ఉక్కు, ఒకటి పూత వేసినది. ఆ పూత కాగితం జాతిదే, నారకి రెసిన్ పట్టించి చేస్తారు. మావాడి ప్లేట్లకు అది గోకితే రాలిపోతోంది. ఉక్కు ప్లేట్ల మీద వేడికి నీలం మచ్చలు తేలాయి. అవి మాడాయని నాకూ అర్థమైంది. మేస్త్రీ వాటిని పక్కకి తోసి, పిస్టన్ అంచు నుంచి ఒక నల్లటి రబ్బరు సీలు తీసి నా అరచేతిలో పెట్టాడు. కొత్త సీలు పక్కన పెట్టాడు. కొత్తది వేలికి చుట్టుకుంది. పాతది వంచబోతే వడియంలా పుటుక్కుమంది.

ప్లేట్లు మాత్రం మార్చి ఈ సీలు వదిలేస్తే, ఆయిల్ ఈ సందులోంచే పోతుంది, ఒత్తిడి చాలదు, కొత్త ప్లేట్లూ ఆరు నెలల్లో మాడతాయని వివరించాడు. మరి సీలు ఎందుకు గట్టిపడింది? వేడికి. వేడి ఎందుకు?

మేస్త్రీ మావాణ్ని పికప్ దగ్గరికి తీసుకెళ్లి గేర్ రాడ్ చివరనున్న బటన్ చూపించాడు. “బరువు లాగేటప్పుడు ఇది నొక్కుతారా?”

మావాడు ఒక్క క్షణం ఆగాడు. “అదేంటో నాకు తెలీదు” అని, నాకేసి తిరిగి మెల్లగా తెలుగులో “ఎప్పుడూ నొక్కలేదన్నా” అన్నాడు.

అది టో-హాల్ బటన్. నొక్కితే పెట్టె తొందరపడి నాలుగులోకి పోదు. నొక్కకుండా ట్రైలర్ లాగితే మూడు, నాలుగు, మళ్లీ మూడు అంటూ కొట్టుకుంటూనే ఉంటుంది, ఆయిల్ ఉడుకుతుంది. టెక్సస్ ఎండలో బిర్యానీ గిన్నెల బరువుతో మూడేళ్లు అలాగే నడిచింది.

బిగింపు రోజు నేను వెళ్లలేకపోయాను. కొత్త ప్లేట్లను ఆయిల్‌లో నానబెట్టాకే ఎక్కించాడని, సీళ్లకు గ్రీజు బదులు వాసెలిన్ రాశాడని, అది ఆయిల్‌లో కరిగిపోతుంది గానీ గ్రీజు దారుల్లో అడ్డం పడుతుందని, పాత మురికి వెనక్కి రాకుండా కూలర్ గొట్టాలు కడిగి, అదనంగా ఇంకో కూలర్ పెట్టాడని మావాడు ఫోన్లో పూసగుచ్చినట్టు చెప్పాడు.

ఆదివారం ట్రైలర్ తగిలించుకుని వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. బటన్ నొక్కి ఉంది. ఫ్లైఓవర్ మీద ఇద్దరం మాట్లాడకుండా చెవులు రిక్కించాం. ఇంజిన్ ఒకే గొంతుతో పైకెక్కింది.

డ్యాష్‌బోర్డ్ మీద బిల్లు ఉంటే తీసి చూశాను. సామాన్లు, కూలీ, మొత్తం అన్నీ కింద ఉన్నాయి. అన్నిటికంటే పైన, పాత షాపు బిల్లులో లేని ఒక లైను పెన్నుతో రాసి ఉంది. కారణం: వేడికి గట్టిపడిన సీలు. బటన్ వాడండి.