కిటికీ కింది నిచ్చెన

యెరూషలేము వెళ్ళి వచ్చామనగానే ఊరిలో అందరూ అడిగేది ఒక్కటే: "ప్రభువు సమాధి చూచారా?" చూచాము. గంటన్నర వరుసలో నిలబడితే లోపల ఒక్క నిమిషం దొరికింది. అయితే మా కళ్ళలో నిలిచిపోయింది మాత్రం ఆ మందిరం గోడమీది ఒక చెక్క నిచ్చెన.

2018 నవంబరులో మా మండలం నుండి 20 మందిమి వెళ్ళాము. పరిశుద్ధ సమాధి మందిరం వాకిట నిలబడి తల ఎత్తితే, ద్వారానికి పైన కుడివైపు కిటికీ కింద, రాతి అంచుమీద అది ఆనించి ఉన్నది. మన ఇళ్ళలో అటక ఎక్కడానికి వేసుకునేపాటిది. సున్నం వేసినవారు మరచిపోయారేమో అనుకున్నాము. గైడు నవ్వి, 1728 నాటి బొమ్మలో కూడ అది అక్కడే ఉన్నదని చెప్పాడు.

ఆ మందిరంలో ఆరు సంఘాలవారికి హక్కులున్నాయి: గ్రీకు, రోమన్ కథోలిక, అర్మేనియా, కాప్టిక్, ఇతియోపియా, సిరియా వారు. ఏ దీపం ఎవరిది, ఏ మెట్టు ఎవరు ఊడ్వాలి, అన్నీ పాత వాడుక ప్రకారమే. ఉన్నది ఉన్నట్లే ఉండాలని 1852లో తుర్కీ సుల్తాను ఆజ్ఞ ఇచ్చాడు. అందుచేత అందరూ ఒప్పుకుంటే తప్ప ఎవరూ దేనినీ కదపరు. 1997లో ఎవరో ఆ నిచ్చెనను తీసి దాచితే, మరల తెచ్చి అక్కడే పెట్టారు. 2002లో ఎండగా ఉన్నదని ఒక కాప్టిక్ సన్యాసి మందిరం కప్పుమీద తన కుర్చీని నీడలోకి జరుపుకున్నాడు. దానికే ఇతియోపియా వారితో పోట్లాట అయి 11 మంది ఆసుపత్రి పాలయ్యారు!

తాళంచెవి సంగతి ఇంకా వింత. తరతరాలుగా అది ఒక ముస్లిం కుటుంబం దగ్గర ఉంటుంది. తలుపు తెరిచేది మరొక ముస్లిం కుటుంబం. తెల్లవారుజామున లోపలివారు తలుపులోని చిన్న సందు గుండా వేరొక నిచ్చెన అందిస్తారు. అది ఎక్కి పై తాళం తీస్తారు.

1927 భూకంపంలో సమాధిమీది కట్టడం దెబ్బతిన్నది. బాగుచేయడానికి సంఘాలకు పొత్తు కుదరలేదు. 1947లో బ్రిటిషువారు చుట్టూ ఇనుప దూలాలు బిగించారు. 70 సంవత్సరాలు అలాగే ఉండిపోయింది. చివరకు మూడు సంఘాలు కలిసి 2016లో పని మొదలుపెట్టి, 2017 మార్చిలో ముగించాయి.

ఇదంతా వింటూ మాలో ఎవరూ నవ్వలేదు. కారణమున్నది. మా ఊరి మందిరానికి అప్పటికి తొమ్మిది నెలలుగా రెండు తాళాలు. పెంకులు కారుతున్నాయి. స్లాబు వేద్దామని మేము, పెంకులే మార్చుదామని వాళ్ళు. మాట పెరిగి వారి తాళం పక్కన మేమూ తాళం వేశాము. ఆరాధన మాది వేపచెట్టు కింద, వారిది బడి వరండాలో. యాత్రకు మాత్రం ఒకే బస్సు. వారు ముందు సీట్లలో, మేము వెనుక.

అవతలివారి పెద్దాయన మాకు పెదనాన్న వరుస. ఆ నిచ్చెన వైపు చాలాసేపు చూచి, ఎన్నో నెలల తరువాత మాతో మాట్లాడారు. "ఏరా అబ్బాయి, మన గోడకు ఎవరైనా నిచ్చెన వేసి వచ్చారా?" అన్నారు. నవ్వాలో లేదో మాకు తెలియలేదు.

ఇల్లు చేరిన వారంలోనే ఆయన తమ తాళం తీయించారు. మాది తుప్పుపట్టి తిరగలేదు. రెండు రోజులు కిరసనాయిలు పోసి, చివరకు సుత్తితో కొట్టవలసి వచ్చింది. మరుసటి వానాకాలానికి కూడ కప్పు సంగతి తేలలేదు. ఆదివారం వాన వచ్చినప్పుడల్లా అందరం చాపలు లాక్కుని, కారని తూర్పు గోడ వైపుకు జరిగి కూర్చున్నాము.