న్యూజీలాండు ప్రయాణమునకు మా యేర్పాటులు

మేమును మావారును వచ్చు డిసెంబరులో న్యూజీలాండు దక్షిణద్వీపమును కారు నడుపుకొనుచు చూడ నిశ్చయించితిమి. అచ్చటను మనవలెనే ఎడమప్రక్కన నడుపుదురు. లైసెన్సు ఆంగ్లమున నున్నచో చెల్లును.

మావారు మొదట వ్రాసిన పట్టికలో క్రైస్టుచర్చినుండి క్వీన్సుటౌనువరకు, ఇంచుమించు 480 కిలోమీటర్లు, ఒక్కదినమే! రాత్రి విమానము దిగి మరునాడే అంతదూరమా? చీకటిపడిన పిదప నడుపవలదని మేమనగా, వారు పటముమీది చూపు మరల్పక, ఎదుటిబండ్ల దీపములు రెండేండ్లుగా తమ కన్నులకు చెదరి కనబడుచున్నవని చెప్పిరి. ఇన్నాళ్లును మాతో నొక్కమాటయైన ననలేదు. కోపమును వచ్చినది, భయమును కలిగినది. ఈ నెలలోనే కంటివైద్యునికి చూపించుకొన నొప్పించితిమి.

పట్టిక మార్చితిమి. టెకాపో సరస్సుకడ నొక రాత్రి మజిలీ. అద్దెపత్రమున రెండవ చోదకురాలిగా మా పేరు. అచ్చట డిసెంబరులో రాత్రి తొమ్మిది దాటువరకు వెలుతురుండును గనుక తొందర లేదు. ఒక్కబండి మాత్రమే పట్టు వంతెనలు పెక్కు. పలకపై మనవైపు బాణము చిన్నదై ఎఱ్ఱగానున్నచో ఎదుటివారికి దారి నీయవలెను. టె ఆనౌలో పెట్రోలు నింపుకొని, 1954లో తెరచిన హోమరు సొరంగముగుండా మిల్ఫర్డుసౌండు చేరవలెను. ఆ 120 కిలోమీటర్లకు రెండుగంటలు పట్టును.

సోదరీమణులారా, వెంట తీసికొనిపోవు తినుబండారముల నన్నిటిని విమానము దిగినచోట తెలుపవలెను. దాచినచో 400 డాలర్ల జరిమానా. తేనె అసలే వలదు. ఆవకాయసీసా విడుచుటకు మావారింకను సమ్మతింపలేదు.