రెండు పేర్ల ప్రయాణము

2024 ఫిబ్రవరి మాసము. నందిగామ ప్రాంతములో మిరపకోతలు ముమ్మరముగా సాగుతున్న రోజులు. మా సంఘములోని ఒక పెద్ద వయస్సు తల్లికి ఢిల్లీ నుండి కబురు వచ్చింది. అక్కడ నర్సుగా పనిచేస్తున్న ఆమె కుమార్తెకు ఎల్లుండి ఉదయమే పెద్ద ఆపరేషను. "అమ్మను ఒక్కసారి చూచి లోపలికి వెళ్తాను" అని ఆ బిడ్డ ఫోనులో ఏడ్చింది. రైలులో పోతే ఒక రోజు దాటుతుంది, పైగా రిజర్వేషను దొరకలేదు. కోతకు వెళ్ళే స్త్రీలు తమ కూలి డబ్బులలో నుండి తలా కొంత తీసి ఇచ్చారు. సంఘ పెద్దలు మిగిలినది కలిపారు. విమానము ముఖమెరుగని తల్లికి తోడుగా మమ్మును కూడ వెళ్ళమన్నారు.

మరునాడు తెల్లవారకముందే బయలుదేరాము. ఇబ్రహీంపట్నము థర్మల్ కేంద్రము పొగగొట్టాలు దాటి, కనకదుర్గ ఫ్లైఓవరు ఎక్కేసరికి కుడిచేతి వైపు కృష్ణానది తెల్లగా కనబడింది. విజయవాడ దాటి ఏలూరు వైపు సుమారు ఇరవై కిలోమీటర్లు పోతే, రోడ్డు ప్రక్కనే గన్నవరము విమానాశ్రయము. 2017లో తెరచిన కొత్త భవనము ఎదుట దిగి, ఆ తల్లి తన చెప్పుల దుమ్ము దులుపుకొన్నది. "గుడికంటె శుభ్రముగా ఉన్నదయ్యగారూ" అన్నది.

ద్వారము వద్ద భద్రతా జవాను నిలబడియున్నాడు. విమానాశ్రయములో మొదటి పరీక్ష అక్కడే. టిక్కెట్టు ఒక చేత, గుర్తింపు కార్డు ఒక చేత పట్టుకొని, పేరుకు పేరు, ముఖానికి ఫోటో సరిచూస్తారు. మాది చూచి లోపలికి పొమ్మన్నాడు. ఆ తల్లి మొలసంచిలో నుండి ఆధార్ కార్డు తీసి ఇచ్చింది. జవాను కార్డు చూచాడు, టిక్కెట్టు చూచాడు, తల అడ్డముగా ఆడించాడు. టిక్కెట్టులో ఒక పేరు, కార్డులో వేరొక పేరు!

అప్పుడు మాకు సంగతి అర్థమైంది. టిక్కెట్టు తీసే కుఱ్ఱవానికి పేరు చెప్పినది మేమే. పదిహేనేండ్ల క్రితము బాప్తిస్మమునాడు ఆమె పుచ్చుకొన్న పేరు అది. మా సంఘ రిజిస్టరులో ఉన్నదీ అదే. కార్డులో ఉన్నది తలిదండ్రులు పెట్టిన పేరు. ఆ పేరు ఏమిటని మేమెన్నడూ అడుగలేదు.

సంఘ లెటరుహెడ్డు మీద వ్రాసి ఇస్తామన్నాము. జవాను మర్యాదగానే వద్దన్నాడు. విమాన సంస్థ కిటికీ దగ్గరకు పరుగెత్తాము. ఒకటి రెండు అక్షరాల తప్పైతే దిద్దవచ్చును గాని, పేరంతా మార్చడము కుదరదన్నారు. ఆ రోజు వేరే సీట్లు లేవు. ఆ తల్లి మా వైపు చూచి, "రెండూ నా పేర్లే గదయ్యగారూ. ఈ పేరు పెట్టింది మీరే గదా" అన్నది. ఆమె నిష్ఠూరముగా అనలేదు. అందుకే ఆ మాట మమ్మును ఎక్కువగా గుచ్చింది.

మా విమానము మా తలలమీదుగానే ఎగిరిపోయింది. మా అమ్మాయి కాలేజీ ఫీజుకని దాచిన సొమ్ముతో మరునాటి ఉదయానికి రెండు టిక్కెట్లు కొన్నాము. ఈసారి కార్డును ఎదుట పెట్టుకొని అక్షరమక్షరము చూచి వ్రాయించాము. ఆ రాత్రి విజయవాడలో ఒక సహోదరుని ఇంట ఆ తల్లి నిద్రపోలేదు, మేమూ నిద్రపోలేదు.

ఇట్టి పొరపాటు మీ ఇంట జరుగకుండునట్లు కొన్ని సంగతులు వ్రాస్తున్నాము. మన దేశములో విమానమెక్కడానికి ఆధార్ ఒక్కటే కాదు, ఓటరు కార్డు, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫోటో ఉన్న జాతీయ బ్యాంకు పాసుపుస్తకము, ఫోటో ఉన్న పెన్షను పత్రము కూడ చెల్లుతాయి. అసలు కార్డే తీసికొని వెళ్ళండి, జిరాక్సును నమ్ముకొనవద్దు. తలిదండ్రులతో వెళ్ళే పిల్లలకు ద్వారము వద్ద వేరే కార్డు అడుగరు గాని, రెండేండ్లలోపు బిడ్డ వయస్సుకు జనన ధ్రువపత్రము దగ్గర ఉంచుకొనండి. ఏ కార్డూ లేనివారు గ్రూపు-ఎ గెజిటెడ్ అధికారి ఫోటోతో ఇచ్చిన ధ్రువపత్రము తీసికొనవలెను. ముఖము చూచి లోనికి పంపే డిజియాత్ర 2023లో గన్నవరానికి కూడ వచ్చింది గాని, దానికీ ముందుగా ఫోనులో ఆధార్‌తో నమోదు కావలెను. టిక్కెట్టులో ఇంటిపేరు, పేరు కార్డులో ఉన్నట్లే ఉండవలెను. ఆధార్‌లో పేరు జీవితములో రెండు సార్లే మార్చనిస్తారు గనుక తొందరపడి మార్చవద్దు.

మరునాడు జవాను కార్డు చూచి, టిక్కెట్టు చూచి, "జాయియే, మాజీ" అన్నాడు. రెండున్నర గంటలలోపే ఢిల్లీలో దిగాము. ఆసుపత్రి చేరేసరికి ఆ బిడ్డను ఆపరేషను గదిలోనికి తీసికొనిపోయి మూడు గంటలైంది. తల్లి ఆ తలుపు ఎదుట నేలమీదనే కూర్చున్నది. బల్లమీద కూర్చోమన్నా వినలేదు. సాయంకాలము బిడ్డ కన్నులు తెరచి, "అమ్మా, నిన్న వస్తావనుకొన్నాను" అన్నది. తల్లి మమ్మును చూపలేదు, మా పొరపాటు చెప్పలేదు. "బండి తప్పిపోయిందమ్మా" అన్నది, అంతే.

దేవుని కృపవలన ఆ బిడ్డ కోలుకొని తిరిగి పనిలో చేరింది. కాని లోపలికి వెళ్ళేముందు అమ్మను చూడాలన్న ఆమె కోరికను మేము తిరిగి ఇయ్యలేము.

ఇంటికి వచ్చిన ఆదివారము కూలి డబ్బులిచ్చిన స్త్రీల ఎదుట జరిగినది దాచకుండ చెప్పి, క్షమించమని అడిగాము. తన గొఱ్ఱెలను పేరుపేరునా ఎరిగిన కాపరిని గూర్చి ఎన్నోసార్లు ప్రసంగించినవారము మేము. ఆ మధ్యాహ్నము సంఘ రిజిస్టరు తెరచి, ప్రతి పేరు ప్రక్కన గీత గీచి, "కార్డులోని పేరు" అని మరొక వరుస చేర్చాము. ఇంటింటికీ వెళ్ళి అడిగి వ్రాసికొన్నాము. మొదటగా వ్రాసినది ఆ తల్లి పేరే. వ్రాసేటప్పుడు ఆమె ప్రక్కన నిలబడి, "ఆ పేరుతో మా అమ్మ పిలిచేదయ్యగారూ" అన్నది.