నడుం లోతు దావత్

ఎండాకాలం దావత్ అంటే మన దగ్గర ఇప్పుడు మాట మారింది. ఇదివరకు "ఛత్ మీద పెట్టుకుందాం" అనేవాళ్లు, లేదంటే షాదీఖానా మాట్లాడేవాళ్లు. ఇప్పుడు "పూల్ ఉన్న ఫామ్‌హౌస్ చూడండి" అంటున్నారు. జగిత్యాల, కోరుట్ల చుట్టూ మామిడితోటల్లో నీలం టైల్స్ వేసిన కొలనులు వచ్చాయి. పూటల లెక్కన కిరాయికిస్తారు. పిల్లల బర్త్‌డేలు, దుబాయ్ నుంచి ఛుట్టీ మీద వచ్చిన తమ్ముడి కోసం దోస్తుల జమావడా, అన్నీ అక్కడే.

అలాంటి నాలుగైదు దావత్‌లకు నేనూ పోయాను. అన్ని చోట్లా ఒకటే మంజర్. మగవాళ్లు, పిల్లలు నీళ్లల్లో ఉంటారు. ఆడవాళ్లు చెట్టు కింద జంఖానా మీద ఉంటారు. ఒకామె కీరా కోస్తుంటుంది. ఒకామె తడిసిన పిల్లాడికి తువ్వాలు చుడుతుంటుంది. ఇంకొకామె అందరి ఫోన్లు, గడియారాలు, కళ్లద్దాలు ఒళ్లో పెట్టుకుని అమానత్‌లా కాపలా కాస్తుంటుంది. 45 డిగ్రీల ఎండ అందరికీ ఒకటే. నీళ్లు మాత్రం అందరివీ కావు.

అందుకే పోయిన మే నెలలో నేనే మేజ్‌బాన్‌నై ఒక పూల్ దావత్ పెట్టాను. పెద్దవాళ్లకు మాత్రమే, అందులోనూ ఆడవాళ్లకు మాత్రమే. పెద్దవాళ్ల పూల్ పార్టీ అనగానే సీసాలు, డీజేలు గుర్తుకొస్తాయి కాబట్టి ముందే చెప్తున్నా, మేం తాగింది రూహఫ్జా, మజ్జిగ. మా మైకా జగిత్యాల, ససురాల్ కోరుట్ల, పెద్దాపాను ఇచ్చింది సిరిసిల్ల. మూడు ఊళ్ల నుంచి పదకొండు మంది వచ్చారు. అందరికంటే చిన్నామెకు 35 ఏళ్లు, పెద్దామె మా అమ్మీకి 70.

నిజానికి నీళ్లు మా వైపు కొత్త కాదు. జగిత్యాల ఖిలా చుట్టూ 18వ శతాబ్దంలోనే కందకం తవ్వారు. ధర్మపురికి పోతే గోదావరి, సిరిసిల్లకు పోతే మానేరు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు నుంచి కాకతీయ కాలువ మన పొలాల మీదుగానే 284 కిలోమీటర్లు పోతుంది. వీటన్నిటికంటే ముందు బావులున్నాయి. ఎండాకాలం సెలవులొస్తే మా గల్లీ మగపిల్లలంతా ట్రాక్టర్ ట్యూబులు, ఖాళీ నూనె డబ్బాలు నడుముకు కట్టుకుని బావుల్లోకి దూకేవాళ్లు. మేం ఒడ్డు మీద వాళ్ల చొక్కాలు పట్టుకుని నిలబడేవాళ్లం. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు ఈత నేర్పడం గురించి హజ్రత్ ఉమర్ పేరు మీద చెప్పే మాట మాకూ చెప్పారు. "పిల్లలు" అన్న మాటలో మేం కూడా ఉన్నామని ఎవరూ అనుకోలేదు. మేమూ అనుకోలేదు.

మా ఇంట్లో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. 1974లో అమ్మీ తమ్ముడు, మా ఛోటే మామూ, కోరుట్ల దగ్గర తోటలో మోటబావికి ఈతకు పోయి మునిగిపోయాడు. పదిహేడేళ్లు. ముగ్గురు దోస్తులతో దూకాడు, ముగ్గురే పైకొచ్చారు. నాలుగో మనిషి రాలేదని వాళ్లకు వెంటనే తట్టలేదట. అప్పటి నుంచి అమ్మీ ఇంట్లో నీళ్ల మాట ఎత్తనివ్వదు. మా భాయ్‌జాన్ కూడా దొంగతనంగానే ఈత నేర్చుకున్నాడు. నేను, ఆపా నేర్చుకోనే లేదు.

ఈ దావత్ ఖయాల్ నాకు కలిగించింది మా మరిది. ఇరవై ఏళ్లు సౌదీలో పనిచేసి వచ్చాడు. అక్కడ 'ఇస్తిరాహా' అని కిరాయి తోటలుంటాయని, నాలుగు వైపులా ఎత్తు గోడలు, లోపల గదులు, పూల్, మగవాళ్లకు ఒక భాగం, ఆడవాళ్లకు ఒక భాగం ఉంటాయని, జుమ్మా సెలవు వస్తే ఖాన్‌దాన్ మొత్తం అక్కడే గడుపుతుందని చెప్పాడు. వాటిలో టైల్స్ వేసే పని తను చేశాడు. "వదినా, పర్దా అంటే గోడ కట్టుడే గాని, నీళ్లు బంద్ పెట్టుడు గాదు గదా" అన్నాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి వేలమంది గల్ఫ్‌కు పోయారు. అక్కడి ఫామ్‌హౌస్ షౌక్ మోసుకొచ్చారు. ఆడవాళ్ల భాగం మాత్రం అక్కడే వదిలేసి వచ్చారు.

ఇక ఇంతజామ్ సంగతి. ఎవరైనా పెట్టాలనుకుంటే పనికొస్తుందని వివరంగానే రాస్తున్నా.

మొదట గోడ. మూడు తోటలు చూశాం. ఒకదానికి గోడ ఉంది కానీ పక్కింటి డాబా మీద నుంచి అంతా కనిపిస్తుంది. రెండోదానికి పూల్ పక్కనే సీసీ కెమెరా ఉంది. మూడోదానికి ఏడడుగుల గోడ, ఒక వైపు రేకులు. మాలిక్ మంచివాడు. కాపలా ఉండే ముసలాయన్ని ఆ పూట గేటు బయటే కూర్చోబెడతానన్నాడు, తాళం చెవి మా చేతికే ఇచ్చాడు.

రెండోది నీళ్లు. ఆ పూల్ 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు. సగటు లోతు 4 అడుగులు అనుకుంటే దాదాపు 51 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పది. బోర్లు ఎండే నెలలో ఇది చిన్న మాట కాదు. అందుకే ప్రతి దావత్‌కూ నీళ్లు మార్చే చోటుకంటే ఫిల్టర్ నడిపే చోటు మేలు. నీళ్లు అడుగు దాకా తేటగా కనిపించాలి. అడుగు కనిపించకపోతే మునిగిన మనిషీ కనిపించదు. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం మధ్య, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. చూడటానికి చిన్న కిట్ దొరుకుతుంది. అడిగితే మాలిక్‌లు మొదట నవ్వుతారు, తర్వాత తెచ్చి పెడతారు.

మూడోది లోతు. మెట్ల వైపు మూడడుగులు, అవతలి వైపు ఐదు. మధ్యలో అడ్డంగా ఒక తాడు కట్టాం. తాడు దాటకూడదు. ఈత వచ్చిన మనిషి మాలో ఒక్కతే, ఆపా కూతురు, మా భాంజీ. హైదరాబాద్‌లో చదివేటప్పుడు నేర్చుకుంది. ఆమె పని నీళ్లల్లోకి దిగడం కాదు, ట్యూబు పట్టుకుని గట్టు మీద నిలబడి చూడటం. ఆ అమ్మాయి చేతిలో ఫోన్ ఉండకూడదని షరతు. మన దేశంలో ఏటా 30 వేల మందికి పైగా నీళ్లలో మునిగి చనిపోతున్నారు. సినిమాలో చూపించినట్టు మునిగే మనిషి అరవడు, చేతులు ఊపడు. చప్పుడు లేకుండా మునిగిపోతాడు. అందుకే చూసే కన్ను ఒకటి ఖచ్చితంగా ఉండాలి. మిగతా వాళ్ల ఫోన్లన్నీ ఒక పాందాన్‌లో వేసి మూత పెట్టాం.

నాలుగోది బట్టలు. అసలు చిక్కంతా ఇక్కడే. కాటన్ సల్వార్ తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది. దుపట్టా నీళ్లలో మెడకు ఫాసీ అవుతుంది. ఆస్ట్రేలియాలో ఆహెదా జనెట్టి అనే లెబనాన్ మూలాల ఆమె 2004లో బుర్కినీ తయారుచేసింది ఇందుకే. 2016లో ఫ్రాన్స్ సముద్రతీర పట్టణాలు కొన్ని దాన్ని నిషేధించాయి. ఆగస్టు 26న అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం అలాంటి ఒక నిషేధాన్ని ఆపేసింది. అక్కడ వాళ్లు ఆ బట్టలు విప్పమన్నారు, ఇక్కడ మనవాళ్లు అసలు దిగొద్దన్నారు. రెండు చోట్లా ఆడది ఒడ్డు మీదే.

మాకు బుర్కినీ దొరకలేదు గాని సిరిసిల్ల ఉంది. ఆపా వాళ్లింట్లో ఇప్పటికీ నాలుగు మరమగ్గాలు నడుస్తాయి. పాలిస్టర్ బట్ట నీళ్లు పీల్చదు, తొందరగా ఆరుతుంది. ఆపా ఒక తాను ముదురు నీలం తెచ్చి, మోకాళ్ల కిందికి వచ్చే కుర్తా, చీలమండల దగ్గర బిగుతుగా ఉండే పైజామా, తలకు కుట్టిన టోపీ, ఎనిమిది జతలు కుట్టించింది. పదకొండు మందికి ఎనిమిదే ఎందుకంటే ముగ్గురు ముందే 'నక్కో' అన్నారు. అమ్మీ, ఛోటీ ఖాలా, మా జేఠానీ.

జేఠానీ నన్ను వంటింట్లో నిలబెట్టి అడిగింది. "ఈ ఉమర్‌లో మనకు నీళ్లల్ల ఆటలేంది? లోగ్ క్యా బోలింగే?" నేను అన్నాను, "భాభీ, లోగ్‌ను గేటు బయట కూర్చోబెట్టినం. చాబీ మన దగ్గరనే ఉంది." ఆమె నవ్వలేదు. బగారా అన్నానికి బియ్యం మాత్రం తనే కొలిచి ఇచ్చింది.

అమ్మీకి మాత్రం ఏం చెప్పాలో తెలియలేదు. చెప్పకుండా తీసుకుపోవడం నాకు నచ్చలేదు. ముందురోజు రాత్రి జగిత్యాల పోయి పక్కన కూర్చుని అంతా చెప్పాను. లోతు ఎంతో, తాడు ఎక్కడో, ఎవరు చూస్తారో. చాలాసేపు తస్బీ తిప్పుతూ కూర్చుంది. "నేను వస్తా. నువ్వు చూసుకునేది నువ్వు చూసుకో, నేను చూసుకునేది నేను చూసుకుంట" అన్నది.

పొద్దున ఏడున్నరకే చేరుకున్నాం. ఎండ ముదిరే లోపు నీళ్లు, తర్వాత నీడ. కడుపు నిండా తిని దిగొద్దని బిర్యానీ జోలికి పోలేదు. దిగేముందు తర్బూజ్, ఖజూర్. పైకొచ్చాక బగారా అన్నం, ఖట్టీ దాల్, తలావా గోష్త్. చల్‌గల్ మార్కెట్ నుంచి తెచ్చిన బంగినపల్లి పండ్లు గంపెడు.

మొదట దిగింది సిరిసిల్ల ఆపా. ఆమెకు 52 ఏళ్లు. ముప్ఫై ఏళ్లు మగ్గాల మోతలో ఉండి చెవులు మందగించాయి, మోకాళ్లు అరిగాయి. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తీసుకుంది. మళ్లీ పెట్టింది. "డర్ లగ్రా రే" అని నా చెయ్యి ఎముకలు నొప్పెట్టేలా పట్టుకుంది. నీళ్లు నడుం దాకా వచ్చాక ఆగింది. నాలుగడుగులు వేసింది. ఇంకో నాలుగు వేసి నా చెయ్యి వదిలేసింది. "మోకాళ్లు నొస్తలేవు" అన్నది. చెవులు వినపడని మనిషి కదా, గట్టిగా అన్నది. తోటంతా వినిపించింది.

అందులో మాయ ఏమీ లేదు. బొడ్డు దాకా నీళ్లలో నిలబడితే కాళ్ల మీద పడే ఒంటి బరువు దాదాపు సగమవుతుంది. డాక్టర్లు మోకాళ్ల నొప్పులకు నీళ్లలో నడవమని చెప్పేది అందుకే. ఆపాకు కూడా చెప్పారు. ఎక్కడ నడవాలో ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఒక్కొక్కరే దిగారు. మా భాభీ నీళ్లల్లో కూర్చుని లేవనన్నది. ఆపా సమ్ధన్, మా నంద్ చిన్నపిల్లల్లా నీళ్లు చల్లుకున్నారు. పెళ్లప్పుడు జహేజ్ విషయంలో మాట పట్టింపులొచ్చి ఏడేళ్లుగా సలామ్‌కు మించి మాట్లాడుకోని ఇద్దరు తాడు పట్టుకుని పక్కపక్కనే నిలబడ్డారు. సుల్హ్ అయిందని నేను చెప్పను. ఒకరు జారితే ఇంకొకరు పట్టుకున్నారు, అంతే చూశాను.

పదకొండు గంటలకు జేఠానీ వచ్చి, "ఎవరైనా ఒకరు బయటికి రారి, నాకు జత ఖాళీ జేయిరి" అన్నది. ఎవరూ నవ్వలేదు. నేనే లేచి వచ్చి ఇచ్చాను.

అమ్మీ చివరి దాకా దిగలేదు. పై మెట్టు మీద కూర్చుని పాదాలు మాత్రం నీళ్లలో పెట్టింది. కబుర్లలో కలవలేదు. పెదవులు కదులుతుంటే తస్బీ అనుకున్నాను. దగ్గరికి పోతే వినిపించింది. "ఏక్, దో, తీన్, చార్..." తలలు లెక్కపెడుతోంది. ఎనిమిది దాకా లెక్కపెట్టి మళ్లీ మొదలుపెడుతోంది. గట్టు మీద భాంజీ ట్యూబు పట్టుకుని నిలబడే ఉంది. ఆ పూట మమ్మల్ని కాపలా కాసినవాళ్లు ఇద్దరు.

అందరం పైకొచ్చి, స్నానాలు చేసి, జొహర్ నమాజ్ చదివి, దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చున్నాక అమ్మీ మామూ పేరెత్తింది. అన్నేళ్లలో తనంతట తానుగా ఎత్తడం అదే మొదటిసారి. "వాడు దూకినప్పుడు లెక్కపెట్టేటోళ్లు ఒక్కరు ఉన్నా బతికేటోడు" అన్నది. ఒక మామిడిపండు తీసుకుని మెత్తగా పిసికి, భాంజీ చేతిలో పెట్టింది.

ఖర్చు తలా 700 రూపాయలు పడింది. ఒక మంచి సూట్ పీస్ ధర కంటే తక్కువ. మగవాళ్లు "మరి మాకెప్పుడు" అని అడిగారు. ఆ నవ్వుల వెనక ఇంకేం మాటలున్నాయో అవి నా దాకా రాలేదు.

నీలం బట్టలు మూడు రోజులు మా కోరుట్ల ఇంటి ఛత్ మీద ఆరాయి. నాలుగో రోజు మా వీధిలో ఒకామె తలుపు కొట్టి, సలామ్ చేసి, గొంతు తగ్గించి అడిగింది. "ఆ జతలు ఒక్క పూటకిస్తరా? మేం ఆరుగురం ఉన్నం." ఆమె దగ్గర నుంచి ఇంకెవరో తీసుకున్నారు. ఇప్పుడవి మెట్‌పల్లిలో ఉన్నాయట. ఇచ్చేటప్పుడు ప్రతిసారీ రెండు మాటలు కూడా కలిపి ఇమ్మని చెప్పాను. తాడు దాటొద్దు, లెక్కపెట్టే మనిషిని మర్చిపోవద్దు.